కుంపటి పిన్ని కడగనన్న ఉంగరాలు

మా వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు ఉన్నారో లేదో నాకు అనుమానమే. పెద్దలకూ పిల్లలకూ, ఆఖరికి ఆమెకన్నా పదేళ్లు పెద్దదైన పాలామెకు కూడా ఆమె కుంపటి పిన్నే. పొద్దున్న తొమ్మిదింటికి కొట్టు తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి కళ్లు మూసుకుని దేవుడితో రెండు ముక్కలు మాట్లాడుకుని, తర్వాత మట్టి కుంపట్లో బొగ్గులు రాజేస్తుంది. ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నప్పుడు ఆమె బుగ్గలు చూసి బడికి పోయే పిల్లలు నవ్వుతారు. నోట్లో గొట్టం ఉండగా ఆమెకు నవ్వే వీలుండదు కదా, అందుకని కళ్లతో నవ్వుతుంది.

చలికాలంలో పోస్టుమాను రోజూ ఆమె దగ్గర ఒక్క నిమిషం ఆగేవాడు.

"ఉత్తరం ఉందా?"

"లేదు పిన్నీ. చలి ఉంది."

"అది అందరికీ పంచావా, నాకే తెచ్చావా?" అంటూ కుంపటి అతని వైపు జరిపేది.

బంగారం పని ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు. పంతొమ్మిదేళ్లకు కంసాలి ఇంటికి కోడలిగా వచ్చింది. భర్త పోయాక కొట్టు మూసేస్తారనుకున్నారు అందరూ. పదిహేనో రోజున ఆమే కుంపటి ముందు కూర్చుంది. "ఆడది మంట ముందు కూర్చుని బంగారం కరిగిస్తుందా?" అని ఎవరో అంటే, "వంటింట్లో ఇన్నేళ్లుగా కూర్చున్నది మంచు ముందా?" అంది. ఆ మాట వీధంతా తిరిగి, చివరికి అన్నవాళ్లే తమ గొలుసు కొక్కెం తెచ్చి ఆమె చేతికిచ్చారు.

ఆ ఇంట్లో ఆమె మొట్టమొదట నేర్చుకున్నది మాత్రం బంగారం పని కాదు, మామగారికి చెంచాతో అన్నం తినిపించడం.

మామగారు పూత పనిలో గొప్ప చేయి. ప్రార్థన మందిరంలో దీపపు సెమ్మెలన్నిటికీ బంగారు పూత ఆయనే వేశాడు. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నముద్దలా చేసి, దాన్ని ఇత్తడి మీద పూసి, నిప్పుల మీద పెడితే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం నిలుస్తుంది. ఆ ఆవిరి ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు. అది ఆయన ఒంట్లోకి పోయింది. ముందు వేళ్లు వణికాయి. తర్వాత చిగుళ్లు వాచి పళ్లు కదిలాయి. పదిమందిలో పాట పాడి నవ్వించే మనిషి, ఎవరైనా గుమ్మంలోకి వస్తే తలుపు చాటుకు పోయి నక్కేవాడు. తలగడ మీద చొంగ, ఒళ్లంతా చెమట. ముసలితనం అన్నారు. అప్పటికాయనకు నలభై తొమ్మిది. చివరి దశలో ఆస్పత్రిలో ఒక డాక్టరు గోళ్లు చూసి, చిగుళ్లు చూసి, ఏం పని చేస్తాడని అడిగి, పాదరసం అని చెప్పాడు. ఆ వారమే పిన్ని భర్త ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఆస్పత్రివాళ్లకే అప్పగించేసి, పూత పని మానేశాడు.

అందుకని పాదరసం అంటే ఏమిటో ఆమెకు మా అందరికన్నా బాగా తెలుసు. ఆ తెలిసిన మనిషే పన్నెండేళ్లు నోరు మూసుకుంది. ఈ కథ దాని గురించే.

మా పేటలో దీవెనమ్మ అని ఒక పెద్దామె ఉంది. కొత్త ఇల్లు చేరినా, బిడ్డ పుట్టినా, జబ్బు తగ్గకపోయినా ఆమెను పిలుస్తారు. ఎండైనా వానైనా వస్తుంది. ఎవరేమిచ్చినా తీసుకోదు, కూర్చోమంటే నేల మీదే కూర్చుంటుంది. ఆమె దగ్గర చిన్న గాజు బుడ్డి ఉంటుంది, అందులో వెండి చుక్కలు. ప్రార్థన చేస్తూ గది నాలుగు మూలల్లో ఒక్కో చుక్క, బిడ్డ ఉన్న ఇల్లయితే ఉయ్యాల కింద ఒకటి జారవిడుస్తుంది. చుక్క నేల మీద పడి ముత్యాల్లా చిట్లి పరుగెడుతుంది. ఆ చుక్కల్ని ఊడవకూడదు, తుడవకూడదు. కొన్నాళ్లకు వాటంతటవే కనిపించకుండా పోతే, దేవుడు స్వీకరించాడని అర్థం. ఆఖరున ఇంటి ఇల్లాలు తన పెళ్లి ఉంగరం తీసి అరచేతిలో పెట్టుకుంటే, దాని మీద ఒక చుక్క దొర్లిస్తుంది. ఉంగరం పసుపు పోయి తెల్లబడితే, ఇంట్లో కీడంతా ఉంగరం పట్టేసిందని లెక్క. తెల్లబడకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

తెల్లబడిన ఉంగరం మర్నాడు కుంపటి పిన్ని దగ్గరికి వస్తుంది. నిప్పుల మీద వేడిచేస్తే మళ్లీ పచ్చబడుతుంది. దాన్ని మా పేటలో కడగడం అంటారు. వెండి చుక్కంటే పాదరసమని ఆమెకు తెలుసు. బంగారాన్ని అది అంటుకుంటే తెల్లబడక ఏమవుతుందో తెలుసు. కానీ వచ్చినవాళ్లు మొహం వెలిగిపోతూ వచ్చేవాళ్లు.

"చూశావా పిన్నీ, ఎంత కీడు పోయిందో!"

"పోయిందిలే అమ్మా," అనేది.

సంతోషంగా ఉన్న మనిషి మొహం మీద నీళ్లు కొట్టడం ఆమెకు చేతకాదు. ఒక్క చుక్కేగా అనుకునేది, మామగారు సీసాలతో పనిచేశాడు అనుకునేది. ఉంగరాన్ని పెరట్లోకి తీసుకుపోయి, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేడిచేసేది. అంతకు ముందు గోడ ఇవతల ఉన్న మాకు ఒక కేక వేసేది: "ఏమ్మా, వంటింటి కిటికీ మూసుకోండి, ఉంగరం కడుగుతున్నా!" మేం మూసుకునేవాళ్లం. ఎందుకని మేమూ అడగలేదు.

ఆమెకు ఒక్కతే కూతురు. బస్సు నడిపే కుర్రాడికి ఇచ్చింది, నాలుగు వీధుల అవతల. అల్లుడు నెమ్మదస్థుడు. వియ్యపురాలు మనసున్న మనిషి. పిన్నికి జ్వరం వస్తే మూడురోజులు వచ్చి కాళ్లు పట్టింది, అంత మంచిది. మనవరాలికి పది నెలలు.

ఆ శీతాకాలం కూతురి ఉంగరం రెండు నెలల్లో మూడోసారి తెల్లబడి వచ్చింది. డ్యూటీ దిగి అల్లుడు తెచ్చాడు.

"మళ్లీనా?" అంది పిన్ని, పట్టకారు తుడుచుకుంటూ.

"పాప నిద్రపోవడం లేదత్తయ్యా. అమ్మకు భయం పట్టుకుంది. ఈసారి ఉయ్యాల కిందే నాలుగు చుక్కలు వేయించింది."

"పాకుతోందా?"

"పాకడమా! మేం ఊడ్వక్కర్లేదు, పొట్టతోనే ఇల్లంతా ఊడ్చేస్తోంది. అంటే, పోయిన నెల అలా ఉండేది. ఇప్పుడు పాకదు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతోంది. చలికాలంలో ఒళ్లంతా చెమట. అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి పొట్టు లేస్తున్నాయి. చొంగ కారుతూనే ఉంటుంది. పళ్లొస్తున్నాయేమో అనుకున్నాం."

పిన్ని చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. చెమట, చొంగ. ముప్పై ఏళ్ల కింద తను రోజూ మార్చిన తలగడ గలీబు ఆమె కళ్ల ముందుకు వచ్చింది. ఉంగరాన్ని ఒక గాజు సీసాలో వేసి మూత బిగించింది. కుంపటి మీద నీళ్లు చల్లింది. పగటిపూట ఆ కుంపటి ఆరడం మేం చూడటం అదే మొదటిసారి.

"పద," అంది.

"ఉంగరం కడగరా?"

"ఇక కడగను."

ఇల్లు రెండు గదులు. పాపకు చలి తగులుతుందని కిటికీలన్నీ మూసి, పొయ్యి వేడి బయటికి పోకుండా తలుపు సందులకు గుడ్డలు కుక్కారు. ఆ ప్రేమే ఆ ఇంటికి ఉరి బిగించింది. లోపల వెచ్చగా, నిద్ర వచ్చేలా ఉంది. పైనున్న దీపం వెలుగులో నేల పలకల సందుల్లో సన్నగా, సూదిమొనల్లా ఏవో మెరుస్తున్నాయి. ఉయ్యాల కింద ఎక్కువగా. కూతురు పాలసీసా పట్టుకుని కూర్చుంది. సీసా పీక పాప పెదవికి తగలకుండా అటూ ఇటూ ఊగుతోంది. ఊగుతున్నది పాప కాదు, కూతురి చేయి.

వియ్యపురాలు ఎదురొచ్చింది. "రండి వదినా! అదేమిటి, పనిగుడ్డ కట్టుకునే వచ్చేశారు? కూర్చోండి, వేడిగా టీ పెడతా."

"టీ వద్దు వదినా. ముందు కిటికీలు తీయండి."

"పాపకు జలుబు చేస్తుంది."

"చేయనివ్వండి. జలుబుకు మందుంది." తనే వెళ్లి రెండు కిటికీలూ బార్లా తెరిచింది. "ఈ గదిలో ఉన్నది పాదరసం. మా మామగారిని తిన్నది ఇదే. అవి మాయమైపోవట్లేదు వదినా. ఆవిరై గాలిలో కలుస్తున్నాయి. ఆ గాలి పాప పీలుస్తోంది. మనం నిలబడి తిరుగుతాం, అది నేలకు ముక్కు ఆనించి తిరుగుతుంది."

వియ్యపురాలి మొహం తెల్లబోయింది. "దేవుడి చుక్కల్ని పట్టుకుని ఏం మాటలవి? నా కొడుకు పుట్టినప్పుడూ వేయించాను. బస్సు నడుపుతున్నాడు, చూడండి, దున్నపోతులా ఉన్నాడు."

"ఉన్నాడు. అందుకు దేవుడికి దణ్ణం పెడదాం. పందెం మాత్రం ఇంకోసారి కాయొద్దు."

"శుక్రవారం పెద్ద దీవెన పెట్టుకున్నాం. దీవెనమ్మ బుడ్డి మొత్తం తెస్తానంది. ఆ రోజుతో పిల్లకు పట్టిందేదో వదిలిపోతుంది. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

బుడ్డి మొత్తం. పిన్ని ఉయ్యాల దగ్గరికి పోయి పాపను ఎత్తుకుంది. పిల్లనిచ్చిన తల్లి వియ్యాలవారింట్లో గొంతు పెంచకూడదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్లినాటి నుంచి ఆ గుమ్మంలో తల వంచుకునే నడిచింది.

"వదినా, మీరు నన్ను తిట్టండి, పడతాను. రేపటి నుంచి మాట్లాడకండి, ఏడుస్తాను. ఈ పిల్లను మాత్రం ఈ గదిలో ఇంకొక్క క్షణం ఉంచను. నా మనవరాలి ఊపిరి పెట్టి నేను మర్యాద చేయలేను."

అల్లుడు ఎటూ తేల్చుకోలేక తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చివరికి పాప దుప్పటి తీసి అత్తగారికి అందించాడు. ఆ ఒక్క పనితో అతను ఎటున్నాడో తెలిసిపోయింది.

"దుప్పటి వద్దు నాయనా, అది ఈ గదిలోదే. నీ కోటు ఇవ్వు, బయటి నుంచి వచ్చిందిగా."

అతను కోటు విప్పి ఇచ్చాడు. బస్సువాసన కొడుతున్న కోటులో పాప, వెనక తూలుతూ కూతురు. వీధిలోకి వచ్చాక వెనకనుంచి వియ్యపురాలి గొంతు వినిపించింది. "దేవుణ్ణి కాదన్నవాళ్లు బాగుపడతారా?" అందులో కోపంకన్నా భయం ఎక్కువ ఉంది.

ఆస్పత్రిలో కుర్చీలు ఖాళీ లేవు. గేటు దగ్గరి కాపలావాడు తన ముక్కాలిపీట తెచ్చి కూతుర్ని కూర్చోబెట్టి, తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ చిన్నది. పాప అరచేతులు చూసి చర్మం జబ్బేమో అని రాయబోతుంటే పిన్ని ఆపింది.

"అమ్మా, పాదరసం అని రాయి. ఇంట్లో నేల మీద పోశారు, మూడుసార్లు. తల్లికీ బిడ్డకీ దానికి పరీక్ష చేయి."

ఆ అమ్మాయి కలం ఆపి, ఆమె కాలిన వేళ్ల వైపు చూసి, ఇంకేమీ అడగకుండా అలాగే రాసింది. మూడో రోజుకు ఫలితం వచ్చింది. ఇద్దరి మూత్రంలోనూ ఉంది, పాపకు మరీ ఎక్కువ. మందు మొదలుపెట్టారు. శుభ్రం చేసే మనుషులు వచ్చి, ఆవిరి కొలిచి, సరే అనేదాకా ఆ ఇంట్లో ఎవరూ అడుగు పెట్టకూడదని, చీపురు అసలు వాడకూడదని, ఊడిస్తే చుక్కలు ఇంకా చిన్నవై ఇల్లంతా పాకుతాయని గట్టిగా చెప్పారు.

పేటలో ఇంకో కబురు పాకింది. కంసాలామె మనవరాల్ని దీవెన మధ్యలోంచి ఎత్తుకుపోయిందట. గిరాకీ తగ్గింది. గొలుసు అతికించమని ఇచ్చినామె పని కాకుండానే వెనక్కి తీసుకుపోయింది. కొట్టు తలుపు మీద ఎవరో బొగ్గుతో రాసిన మాట నేనే తడిగుడ్డతో తుడిచాను, అదేమిటో ఇక్కడ రాయను. పోస్టుమాను మాత్రం ఆగుతూనే ఉన్నాడు. కుంపటి ఆరి ఉన్నా ఆగి, చేతులు చాచి, కాచుకున్నట్టు నటించి పోయేవాడు.

గురువారం కూతురు ఆస్పత్రి మంచం మీద కూర్చుని మెల్లగా అంది. "అమ్మా, రేపటికి పాపను తీసుకు రమ్మంటోంది అత్తయ్య. గంటసేపు చాలంట. వెళ్లకపోతే ఆ ఇంట్లో నా మొహం ఎలా చూపించాలి? అత్తయ్య మంచిదమ్మా."

"మంచిదే. అందుకే నాకింత భయం. చెడ్డదైతే నువ్వు ఎప్పుడో పారిపోయి వచ్చేదానివి."

"మరి నువ్వెందుకు ముందే చెప్పలేదు?" అంది కూతురు. "రెండుసార్లు నా ఉంగరం కడిగి పంపావు కదా."

పిన్ని పాప కాలి పొట్టు మీద నూనె రాసింది.

శుక్రవారం పొద్దున్నే ఆమె కొట్టుకు వచ్చి కుంపటి రాజేసింది. తన ముక్కుపుడకా, చెవికమ్మలూ మూసలో వేసి కరిగించింది. ఉన్న బంగారం అదే. మధ్యాహ్నానికి రెండు ఉంగరాలు చేసింది, రాళ్లు లేవు, చెక్కడం లేదు, ఒట్టి వలయాలు. పనితనం చూపించే ఉంగరాలు కావవి. నాలుగింటికి వాటిని కాగితంలో చుట్టి, ఒక గాజు గిన్నే పట్టకారూ తీసుకుని, కూతురూ మనవరాలూ లేకుండా తనొక్కతే బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.

ఇంటి ముందు ఇరవైమంది దాకా ఉన్నారు. తాళం వేసిన ఇంట్లోకి పోయే వీల్లేక, వాకిట్లోనే చాప పరిచి దీవెనమ్మ కూర్చుంది. ఒళ్లో బుడ్డి. పక్కన వియ్యపురాలు ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉంది.

"పిల్లేదీ?" అంది దీవెనమ్మ.

"రాదు పెద్దమ్మా."

గుంపులో గొణుగుడు. "ఎంత పొగరు చూడు!" అన్నారెవరో. ఇంకొకామె, "వదిలేయండి, కుంపటి పొగ నెత్తికెక్కింది," అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

పిన్ని చాప ముందు నేల మీద కూర్చుని కాగితం విప్పింది. "పెద్దమ్మా, ఈ ఉంగరం ఈ పొద్దున పుట్టింది. ఏ వేలికీ ఎక్కలేదు, ఏ ఇంటి గడపా తొక్కలేదు. దీని మీద ఒక్క చుక్క దొర్లించండి."

దీవెనమ్మ పిన్ని తెచ్చిన గాజు గిన్నెలో ఉంగరం పెట్టి, ప్రార్థన చేస్తూ చుక్క విడిచింది. అందరూ మెడలు సాచారు. చుక్క వలయం మీదుగా ఒకసారి తిరిగింది. తిరిగినంత మేరా పసుపు పోయింది. చూస్తుండగానే ఉంగరం సగం తెల్లబడింది.

"ఇది ఎవరి కీడు?" అంది పిన్ని.

దీవెనమ్మే మాట్లాడింది. "నీది. నువ్వు చేశావు, నీ చేతిలోది అంటింది."

"అవును మరి!" అంది గుంపు ఊపిరి పీల్చుకుని.

"సరే," అంది పిన్ని. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు రెండో ఉంగరాన్ని పట్టకారుతో తీసింది. "దీన్ని నేను వేలితో ముట్టుకోలేదు. మూసలోంచి తీసినప్పటి నుంచీ పట్టకారే. మీరు మీ చేత్తో తీసుకోండి, మీ మెడలో ఉన్న ప్రార్థన గుడ్డతో తుడవండి, మీరు ఎంతసేపు కావాలంటే అంతసేపు ప్రార్థన చేయండి. మీ చేతిలో కీడు లేదని ఈ వీధిలో అందరం ఒప్పుకుంటాం. నేను ముందు ఒప్పుకుంటా."

దీవెనమ్మ ఉంగరం తీసుకుంది. తుడిచింది. చాలాసేపు కళ్లు మూసుకుంది. నిజం చెప్పాలంటే నేనూ లోపల ప్రార్థించాను, ఎవరి తరఫునో నాకే తెలియదు. ఆమె ఉంగరాన్ని గిన్నెలో పెట్టి బుడ్డి ఎత్తింది. చేయి వణికి, మూతి గిన్నె అంచుకు టకటకమని కొట్టుకుంది. చుక్క పడింది.

రెండో ఉంగరమూ తెల్లబడింది.

పొగరన్నామె ముందుకొచ్చి గిన్నెలోకి వంగి చూసింది.

అప్పుడు పిన్ని లేచి నిలబడింది. "నా తప్పు కూడా వినండి. పన్నెండేళ్లుగా మీ ఉంగరాలు కడిగాను. అది కీడు కాదని నాకు తెలుసు. పక్కింటివాళ్లను కిటికీ మూసుకోమని కేకేశాను. ఉంగరం ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. మీ సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక. నా మనవరాలిదాకా వస్తే గాని నాకు నోరు పెగల్లేదు. దానికి నన్ను ఏమన్నా అనండి. కానీ ఈ బుడ్డి ఇంకో ఇంట్లో ఒలికితే నేను ఊరుకోను. ఆ ఇంటి ముందే కూర్చుంటా. దారికి అడ్డమని లాగేసినా మళ్లీ వచ్చి కూర్చుంటా."

"అయితే ప్రార్థన మానుకోమంటావా?" దీవెనమ్మ గొంతు మొదటిసారి ముసలిదాని గొంతులా వినిపించింది.

"ప్రార్థన మానమని ఎవరన్నారు? చుక్క మానండి. మీ మాట దేవుడికి చేరడానికి బుడ్డి ఎందుకు పెద్దమ్మా? మా ఆయన పోయినప్పుడు మీరొచ్చి ఉత్త చేతులతో నా తల మీద చేయి పెట్టారు. ఇప్పటికీ ఆ చేయి నా తల మీదే ఉంది." అని ఆగి, కిందికి వంగి ఆ వణికే చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇది ఎన్నాళ్లుగా?"

"ఏడేళ్లు." దీవెనమ్మ చేతివైపు చూసుకుంది. "దేవుడి స్పర్శ అనుకున్నాను."

"మా మామగారికీ ఇలాగే ఉండేది. రేపు నాతో ఆస్పత్రికి రండి."

దీవెనమ్మ చేయి వెనక్కి తీసుకుంది. బుడ్డికి మూత బిగించడానికి రెండుసార్లు ప్రయత్నించింది, వేళ్లు కుదరలేదు. వియ్యపురాలు పక్కనుంచి చేయి చాపి మూత బిగించింది. బిగించి, బుడ్డిని మళ్లీ దీవెనమ్మ ఒళ్లో పెట్టలేదు. పిన్ని ముందు పెట్టింది.

"మీరు ముందే చెప్పుంటే వదినా," అంది. అంతే అంది. ఆ మాట పడాల్సినంతా పిన్ని పడింది, తల తిప్పుకోలేదు.

శుభ్రం చేసేవాళ్లు మొహాలకు ముసుగులతో, చేతిలో ఆవిరి కొలిచే పెట్టెతో వచ్చారు. నేల పలకలు మొత్తం పీకారు. ఉయ్యాల, దుప్పట్లు, చాప సంచుల్లో మూటగట్టి పట్టుకుపోయారు. ఇల్లు మళ్లీ సిద్ధమయ్యేదాకా, నెలన్నర పాటు, వియ్యపురాలు పిన్ని ఇంట్లోనే ఉంది. మొదటి వారం మాటల్లేవు. తర్వాత ఒకరోజు కుంపటి రాజేయడం చూసి, "ఊదడం అలాగేనా? నేనైతే బుగ్గలు పగిలి చచ్చేదాన్ని," అంది. అక్కడితో మళ్లీ వదినలయ్యారు. పాప కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఒరిగిపోకుండా కూర్చోవడమే రెండు నెలలకు. ఇప్పుడు నడుస్తుంది, తోటిపిల్లలకన్నా ఆలస్యంగా. దీవెనమ్మ ఆస్పత్రికి వెళ్లింది, పిన్నితో కాదు, పిన్నికి తెలియకుండా. చేయి వణుకు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ పిలిచినవాళ్ల ఇళ్లకు వెళ్తుంది, ఉత్త చేతులతో. పిలిచేవాళ్లు తగ్గారు. చుక్క లేని దీవెన దీవెన కాదనేవాళ్లు ఇంకో పేట నుంచి ఇంకెవరినో తెచ్చుకుంటున్నారు.

కొట్టు గాజుపెట్టెలో బిగించిన మూత ఉన్న సీసా ఒకటి ఉంది. లోపల మూడు ఉంగరాలు, మూడూ తెల్లనివే. కూతురు తన ఉంగరం కడగవద్దంది. పైన అట్టముక్క మీద పిన్ని పెద్ద అక్షరాలతో రాసింది: తెల్లబడిన ఉంగరాలు ఇక్కడ కడగబడవు.

మొన్న ఒకామె వచ్చింది, మా పేటది కాదు. అట్టముక్క చదివి కూడా ఉంగరం గల్లా మీద పెట్టింది.

"నీకెందుకమ్మా ఇవన్నీ? కాస్త వేడిచేసి ఇస్తే పోయేదానికి!"

"ఇంట్లో పిల్లలున్నారా?"

"ఉన్నారు, ఇద్దరు. అయినా అది నీకెందుకంటున్నా."

పిన్ని పట్టకారు కింద పెట్టింది. కుంపటి మీద నీళ్లు చల్లింది. అవతల చేతులు కాచుకోవడానికి వచ్చిన పోస్టుమాను, "అయ్యో పిన్నీ, ఇప్పుడేగా వచ్చాను!" అన్నాడు. ఆమె అతని వైపు చూడకుండా చెప్పుల్లో కాళ్లు దూర్చి, ఆ వచ్చినామె ముందు నిలబడింది.

"ఇల్లెక్కడ?" అంది.